అత్త ఒప్పుకున్న ఒక్క చరణం

మా అత్త చనిపోయిన కబురు నాకు మార్కాపురంలో, ఓపెన్ టెన్త్ క్లాసులో కూర్చుని ఉండగా తెలిసింది. ఆ రోజు ఆదివారం. సాంఘిక శాస్త్రం సారు బోర్డు మీద నదుల పేర్లు రాస్తున్నారు. సంచిలో ఫోను రెండుసార్లు వణికి ఆగింది. మూడోసారి మోగినప్పుడు సారును అడిగి బయటికి వచ్చి ఎత్తాను.

"అమ్మ పోయింది. వచ్చెయ్," అన్నాడు మా ఆయన.

నేను "ఊ" అన్నాను. పుస్తకం తీసుకుని తర్లుపాడు వైపు వెళ్ళే ఆటో ఎక్కాను. మా ఆయనదీ ఆటోనే, కానీ ఆదివారం గుడిలో పాస్టరుగారి ప్రార్థన అయ్యేదాకా బండి తీయడు. దారి పొడవునా నా ఒళ్ళో ఉన్న సాంఘిక శాస్త్రం పుస్తకాన్ని కొంగుతో కప్పుకుని కూర్చున్నాను. అత్త పోయిన రోజు కోడలి ఒళ్ళో పాఠ్యపుస్తకం ఉండడం ఎవరి కంటైనా పడితే ఏమనుకుంటారో అని భయం.

కప్పుకున్నా లాభం లేకపోయింది. ఇంటికి వెళ్ళేసరికి పంచ నిండా జనం. నేను చెప్పులు విడవకముందే ఒకామె అన్నది: "ఆయాసంతో ఉన్న మనిషిని ఇడిసిపెట్టి బడికి పోయినావా అమ్మాయ్?"

నేను తల వంచుకున్నాను. అత్త పోయిన సమయానికి మా ఆయన, ఆరేళ్ళ మా పాప గుడిలో ఉన్నారు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి అత్త మంచం మీద అలాగే పడుకుని ఉంది, ఊపిరి లేదు. కానీ నువ్వెందుకు గుడికి పోయినావని ఆయన్ని ఎవరూ అడగలేదు. సాయంత్రానికి అర్ధవీడు నుంచి మా వదిన వచ్చింది, అంటే మా ఆయన అక్క. తల్లి మీద పడి ఏడ్చింది, ఏడ్చి లేచి నా వంక ఒక్క చూపు చూసింది. "ఆదివారం గుడి మాని, అత్తను మాని, ఏం చదువమ్మా నీది? కలెక్టరు అయ్యేదా?" అన్నది.

ఆ ఉదయం నేను వెళ్ళనంటే అత్తే నన్ను పంపించింది. ఆ మాట విన్నదాన్ని నేనొక్కదాన్నే. ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నమ్మరు. దేన్నయినా వెంటనే నమ్మకూడదని ఆ ఇంట్లో అందరికీ నేర్పింది మా అత్తే.

పరీక్షలు ఇంకా మూడు వారాలున్నాయి. నేను వాటిని రాస్తానా, రాయనా అన్నది ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ అడగని, అందరి కళ్ళల్లో కనిపించే ప్రశ్న అయింది. పది పాసైతే అంగన్‌వాడీలో పోస్టు పడినప్పుడు అర్జీ పెట్టుకోవచ్చు. పాసవకపోతే ఏడో తరగతి చదివినదాన్నే. నాకు దక్కబోయే రెండో అవకాశం అదొక్కటే.

మా అత్త సంగతి మీకు చెప్పాలంటే ఆమె అనుమానంతోనే మొదలుపెట్టాలి. ఆమెకు ప్రతిదాని మీదా అనుమానమే. పాలవాడు నవ్వుతూ పోస్తే నీళ్ళు కలిపాడనేది, నవ్వకుండా పోస్తే ఇంకా ఎక్కువ కలిపాడనేది. టీవీలో వానలు పడతాయని చెబితే, "ఆ పిల్ల చీర సూడు, ఎండకు తగ్గట్టు కట్టుకుంది. దానికే నమ్మకం లే," అనేది. పాస్టరుగారు ప్రార్థనకు వస్తే చేతులు జోడించి కూర్చునేది, ఆయన వెళ్ళాక, "అయ్యగారు మంచోడే. మన ఇంట్లో కోడి కోసిన దినమే ఆయనకు మన ఆత్మలు ఎందుకు గుర్తొస్తాయో అది ఒక్కటే నాకు తెలవదు," అనేది. ఎవరైనా తనను పొగిడితే మాట పూర్తికాకముందే, "ఏం కావాల చెప్పు," అని అడిగేది.

ఈ అనుమానం ఆమెకు పనిలోంచి వచ్చింది. మార్కాపురం పక్కన పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు పైగా పనిచేసింది. గని నుంచి వచ్చిన రాతిని పలచని రేకులుగా చీలుస్తారు. ఒక్కో రేకునూ ఎత్తి పట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూడడం ఆమె పని. లోపల పగులు లేని రేకు గణ్‌మంటుంది. పగులున్నది డబ్‌మంటుంది. కంటికి రెండూ ఒకే నలుపు, ఒకే నునుపు. "రాయి అబద్ధం చెప్పదు, కానీ కొట్టి అడగాల. అడక్కపోతే ఊరికే ఉంటాది," అనేది. మంచివి పక్కకు పెట్టి, మోసి, చెక్క చట్రాలు బిగించేవాళ్ళకు అందించేది. ఆ దుమ్ము ఆమె ఛాతీలో ఉండిపోయింది. చివరి అయిదేళ్ళూ రెండు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేది.

పని మానేశాక కూడా ఆ వేలు ఊరుకోలేదు. గుమ్మడికాయను కొట్టేది, కొత్త స్టీలు గిన్నెను కొట్టేది, గోడను కొట్టేది. మనుషుల మాటను కూడా అలాగే కొట్టి చూసేది.

నన్ను చూడడానికి వచ్చిన రోజు అందరూ కాఫీలు తాగుతుంటే ఆమె నన్ను ఒకే ప్రశ్న అడిగింది. "ఏడుతో ఎందుకు మానేసినావమ్మే?"

"చదువు మీద ఇష్టం లేక," అన్నాను. మా ఇంట్లో అలా చెప్పమన్నారు.

ఆమె తల ఊపింది. పెళ్ళయి మూడేళ్ళయ్యాక ఒక రోజు చింతకాయలు దంచుతూ, ఏ సందర్భమూ లేకుండా, "ఆ దినం నువ్వు నాకు అబద్ధం చెప్పినావు. మోత తెలిసింది," అన్నది. అప్పుడు నిజం చెప్పాను. మా అమ్మ మిరప కోతలకు, పత్తి తీతకు పోయేది, చంటి తమ్ముణ్ణి చూసేవాళ్ళు లేక నన్ను మాన్పించారు. నాకు చదువంటే చాలా ఇష్టం. అత్త రోకలి ఆపకుండానే, "అట్ల చెప్పు మరి," అన్నది. అంతకు మించి జాలి చూపించలేదు. జాలి మీద కూడా ఆమెకు అనుమానమే.

ఆమెను పొగడడానికి నేను ఇది రాయడం లేదు. పొగిడితే నన్ను కూడా ఏం కావాలని అడుగుతుంది. నాకూ ఆమె మీద అనుమానం ఉండేది. పెద్ద అనుమానమే.

పెళ్ళయిన కొత్తలో రాత్రి మిగిలిన సంగటి దబరాలో పెట్టి మూత వేసి పడుకునేదాన్ని. పొద్దున లేచేసరికి మూత కొంచెం పక్కకు జరిగి ఉండేది. మొదట పిల్లి అనుకున్నాను. మూత మీద రాయి పెట్టాను. రాయి తీసి మళ్ళీ పెట్టినట్టు ఉండేది. పిల్లి అలా పెట్టదు కదా. ఒక రోజు సంగటి మీద గరిటె వెనక్కి తిప్పి అచ్చు వేసి పెట్టాను. తెల్లారి చూస్తే ఆ అచ్చు లేదు, పైన చేత్తో సవరించి ఉంది. ఒక ముద్ద తగ్గింది.

ఇంట్లో నేను కాక తెల్లవారుజామున లేచేది అత్త ఒక్కతే. నేను ఎంత వండుతున్నాను, ఎంత దాస్తున్నాను అని పరీక్ష చేస్తోందనుకున్నాను. మా ఆయనకు చెబితే, "ఎలుకలు," అన్నాడు. గరిటె అచ్చు సవరించే ఎలుకలు ఎక్కడుంటాయని అడగడానికి నాకు అప్పట్లో ధైర్యం లేదు. అత్తను అడగడం అంతకంటే జరగని పని. కావలసినంత తినమంటే, "ఈ వయసులో ఆకలేంది," అనే మనిషి. మరి ఆ ముద్ద ఎక్కడికి పోతోంది? చాలా ఏళ్ళు ఆమె ముఖం చూసినప్పుడల్లా నాకు ఆ దబరా మూతే గుర్తొచ్చేది.

పోయిన ఏడాది ఓపెన్ టెన్త్‌కు ఫారం నింపాను. పాపను బడిలో దించినప్పుడు అక్కడి టీచరమ్మ చెప్పి, దగ్గరుండి నింపించింది. ఇంటికి వచ్చి చెప్పాను. మా ఆయన కాదనలేదు, అవుననలేదు. "పాప?" అన్నాడు. "ఆదివారాలే కదా," అన్నాను. మాట అక్కడితో ఆగింది.

మూడో రోజు నా ఫోనుకు ఆయన ఒక కవిత పంపించాడు. పక్కన దీపం బొమ్మ, ఒక తల్లి ఒళ్ళో పిల్లవాడి బొమ్మ. కింద రాసినవాళ్ళ పేరు లేదు. అది చదివి నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. మా అమ్మ గుర్తొచ్చింది, పాప గుర్తొచ్చింది. నేను చేస్తున్నది తప్పేమో అనిపించింది. క్లాసులకు వెళ్ళకూడదని ఆ నిమిషంలోనే తీర్మానం చేసుకున్నాను.

అత్త పంచలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నా ముఖం చూసి, "ఎవురు పోయినారు?" అని అడిగింది.

"ఎవరూ పోలేదత్తా. కవిత. అమ్మ మీద రాసింది."

"చదువు."

చదివాను. మీరూ చదవండి, ఆమె అడిగిన ప్రశ్నలు మీకు అర్థం కావాలి కదా.

ఆ రోజుల్లో అమ్మకు అలుపు తెలియదు
పలక పట్టించి అక్షరాలు దిద్దించేది
అందరం తిన్నాక అడుగున మిగిలిందే
అమ్మకు అమృతమయ్యేది
గడప దాటని ఆ పాదాల చెంత
మా బాల్యం చల్లగా నిద్రపోయేది
ఈ రోజుల్లో అమ్మలకు తీరిక లేదు
పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి, తలకింద ఒడి లేదు
ఓ కాలమా, అన్నీ నువ్వే ఉంచుకో
మా అమ్మను ఒక్క పూట మాకివ్వు

అంతా విని అత్త చిక్కుడుకాయ విరిచింది. "బాగుంది," అన్నది. ఆమె నోట ఆ మాట వినగానే నాకు భయం వేసింది. "మళ్ళ మొదటినుంచి చదువు. ఒక్కొక్కటే."

"ఆ రోజుల్లో అమ్మకు అలుపు తెలియదు," అని చదివాను.

"ఎవురు చెప్పినారంట?"

"రాసినాయన."

"ఆమెను అడిగినాడా? అడిగినాడని యాడన్నా రాసిందా చూడు."

"లేదత్తా."

"అడగలే. ఆమె కూడా చెప్పలే. చెప్పుకుంటే వినేదానికి ఎవురుండారు? అలుపు తెలియదంట. తెలియంది వానికి. సరే, తర్వాతది."

"పలక పట్టించి అక్షరాలు దిద్దించేది."

అత్త పెద్దగా నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయింది. నీళ్ళు తాగి తేరుకుంది. "నా చేతి మీదుగా ఎన్ని పలకలు పోయినాయో ఆ దేవునికి తెలుసు. ఒక్కదాని మీద ఒక్క అక్షరం రాసి ఎరగను. ఇరిగిపోయిన ముక్కలు కొంగులో తెచ్చేదాన్ని. మీ వదిన వాటి మీద మీ ఆయనకు దిద్దించె. అది అమ్మ కాదు, అక్క. రాయమను, అక్క అని. రాయడు. తర్వాత?"

"అందరం తిన్నాక అడుగున మిగిలిందే అమ్మకు అమృతమయ్యేది."

ఈసారి ఆమె నవ్వలేదు. చిక్కుడుకాయలు చాటలో అటూ ఇటూ కదిపింది. నా వైపు చూడకుండా అన్నది: "దబరా మూత మీద రాయి పెట్టినావు కదా నువ్వు."

"పిల్లి అని..." అన్నాను.

"పిల్లి కాదని నీకూ తెలుసు. నేనే." ఊపిరి తీసుకుంది. "నేను ముందే తినేదాన్నమ్మే. పిల్లోళ్ళు లేవకముందు. తలుపు ఎనక నిలబడి ఒక ముద్ద. ఫ్యాక్టరీకి నాలుగు మైళ్ళు నడవాల, పోయినాక రాయి ఎత్తాల. తినకపోతే రాయి లెయ్యదు. రాయి లేవకపోతే ఆ దినం కూలి లే, వాళ్ళకు కూడు లే. ఉన్నదే ముగ్గురికి చాలీచాలనిది. దాంట్లో దొంగతనంగా నా ముద్ద నేను ముందు తీసేదాన్ని. గుడిలో అయ్యగారు అమ్మ ప్రేమ అని చెప్పిన ప్రతిసారీ నన్నే చూసి చెప్తాండాడని తల దించుకునేదాన్ని. ఇప్పుడు ఇంట్లో నిండా ఉంది. అయినా ఆ టయానికి మెలకువ వస్తాది. పోయి తినొస్తే గాని పండుకోలేను."

ఇన్నేళ్ళు నేను ఆ ముద్ద గురించి ఎన్ని రకాలుగా ఆలోచించానో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆమెకు ఆకలి వేసి ఉండవచ్చన్న ఆలోచన మాత్రం నాకు ఒక్కసారి కూడా రాలేదు.

"ఈ పాట రాసినోడు మంచి కొడుకే," అన్నది అత్త. "కానీ వాళ్ళమ్మ కూడా ఒక ముద్ద ముందు తినుంటాది. లేకుంటే ఎట్ల బతికింది? వానికి చెప్పుండదు, అంతే. తర్వాతది."

"గడప దాటని ఆ పాదాల చెంత..."

"గడప దాటకపోతే నీళ్ళెట్లొచ్చినాయి?" అన్నది వెంటనే. మా ఊళ్ళో ఇప్పటికీ ట్యాంకరు వచ్చిన రోజే పండగ. "కట్టెలెట్లొచ్చినాయి? వీళ్ళ ఊర్లో గడప లోపలే బావి ఉండాదేమో. ఉంటే మంచిదే."

తీరిక లేని ఈ కాలపు అమ్మల గురించి చదివినప్పుడు ఆమె చేతిలో కాయ కింద పెట్టింది. "ఇది నీకు ఎవురు పంపించినారు?"

"మీ కొడుకే."

"ఎప్పుడు?"

"ఇందాకే."

"నువ్వు ఫారం నింపి ఎన్ని దినాలు?"

"మూడు."

ఆమె నా ముఖంలోకి చూసింది. నాకు అప్పుడు అర్థమైంది. ఎవరో ఎవరి తల్లి కోసమో రాసుకున్న మాటలు మూడో రోజున నా కాళ్ళకు ఎలా చుట్టుకున్నాయో అర్థమైంది. కోపం కూడా వచ్చింది. "కావాలనే పంపించాడు," అన్నాను.

"తియ్యగా పిలిచినోని చేతిలో ఏముందో ముందు చూడాల," అన్నది అత్త. తర్వాత, "ఇంకా ఉందా?" అని అడిగింది.

"చివరిది. ఓ కాలమా, అన్నీ నువ్వే ఉంచుకో. మా అమ్మను ఒక్క పూట మాకివ్వు."

నేను ఆమె ప్రశ్న కోసం ఎదురుచూశాను. ఎవరిని అడుగుతున్నాడంట, కాలానికి చెవులున్నాయా అంటుందనుకున్నాను. ఆమె చాటలోని ఈనెలు ఏరి పక్కన పోస్తూ ఉండిపోయింది.

"ఇది ఒక్కటి నిజం," అన్నది చివరికి. "చీకటితో పోయి చీకటితో వచ్చేదాన్ని. వాడు నన్ను మేలుకొని చూసింది ఆదివారాలే. వానికి నేను దొరకలే. వాడు నీకు ఊరికే పంపించలేదమ్మే. వాని బిడ్డకు కూడా అట్లయితాదని భయం."

"అయితే నేను వెళ్ళొద్దా అత్తా?"

"నేనెప్పుడన్నాను? ఒక చరణం నిజమైతే పాటంతా నిజమా? నువ్వు పో. వాని భయం వాడు చూసుకుంటాడు. నీ బిడ్డకు నువ్వు వారంలో ఆరు దినాలు ఉంటాండావు. నేను ఒక్క దినం ఉండినా."

అలా వెళ్ళాను. ఆమె మంచితనం కోసమే పంపిందని అప్పుడు కూడా నేను పూర్తిగా నమ్మలేదు. జీతం వస్తుందని ఆశపడుతోందేమో అనుకున్నాను. ఒకసారి ఆ మాట అడిగేశాను కూడా. "అవును, జీతం వస్తే నాకు మంచి దుప్పటి కొంటావని," అన్నది. అది ఎగతాళో నిజమో నాకు ఈ రోజుకీ తెలియదు.

చివరి ఆదివారం ఉదయం ఆమెకు ఆయాసం రోజూ ఉన్నట్టే ఉంది. నేను వెళ్ళనన్నాను. "నువ్వు ఉంటే నా ఊపిరి నువ్వు తీస్తావా?" అని కసిరింది. బయలుదేరుతుంటే వెనక్కి పిలిచి, "తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాను. "పో మరి," అన్నది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అది.

పదో రోజు అత్త జ్ఞాపకంగా ప్రార్థన, ఆదరణ కూడిక పెట్టారు. మా ఇంటి ముందు షామియానా వేశారు. మా ఆయన మార్కాపురంలో ఫ్లెక్సీ వేయించుకొచ్చాడు. ఆధార్ కార్డు కోసం తీసిన ఫోటోను పెద్దది చేయించాడు. అందులో అత్త ఫోటోగ్రాఫరును అనుమానంగా చూస్తోంది. ఆ ముఖం పక్కనే ఆ కవిత మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంది. నేను దాన్ని చూసి నిలబడిపోయాను. ఆయన నా పక్కకు వచ్చి, "నువ్వే చదవాల. బాగా చదువుతావు కదా," అన్నాడు.

వదిన అక్కడే ఉంది. "చదవనీ. అత్త కోసం అదన్నా చెయ్యనీ. ఆ తర్వాత పరీక్షలూ గిరీక్షలూ అని మా తమ్ముని పరువు తియ్యకుండా ఇంటిపట్టున ఉండనీ," అన్నది.

నేను నలుగురిలో ఎప్పుడూ మాట్లాడలేదు. గుడిలో వాక్యం చదవమన్నా వెనక వరుసలో దాక్కునేదాన్ని. మైకు చేతికిచ్చారు. మొదటి రెండు వరుసలు చదివాను. మూడో వరుసలో అందరం తిన్నాక అడుగున మిగిలిందే అన్నంతవరకు చదివి ఆపాను. ఏడుస్తున్నాననుకుని ఒకామె నీళ్ళిచ్చింది.

నీళ్ళు తాగాను. ఆ మాట చదివితే అత్త పక్కన పెద్ద అక్షరాలతో పాటు నేను కూడా ఒక అబద్ధం పెట్టినట్టవుతుంది. అబద్ధం మోత ఆమెకు తెలుస్తుంది.

"మా అత్త అందరికంటే ముందు తినేది," అన్నాను. మైకులో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పిల్లలు లేవకముందు. తినకపోతే రాయి లేవదని. నాతో చెప్పింది. చెప్పుకోవడానికి సిగ్గుపడింది."

వదిన లేచింది. "ఏందే నువ్వనేది? సచ్చిపోయిన మనిషిని తిండిపోతంటావా? ఇంతమందిలో?"

కూర్చుందామనుకున్నాను. అప్పుడు వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అత్తతో పాటు ఫ్యాక్టరీలో చేసిన ముసలామె. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకమ్మే ఆ పిల్ల మీద అరుస్తావు? మీ అమ్మ ఒక్కతే తినిందా? నేను దోవ పొడవునా నమలుకుంటానే పోయేదాన్ని, ఇంట్లో వాళ్ళు చూస్తారని," అన్నది.

ఆమె పక్కనున్నామె, "నేను నీళ్ళ తొట్టి ఎనక కూర్చొని తినేదాన్ని. ఒకసారి మా అత్త చూసి, ఆడేం చేస్తాండావంటే, నోటినిండా రొట్టెతో ప్రార్థన చేసుకుంటాండానని చెప్పినా," అన్నది.

వెనక వరుసల్లో ముసలి ఆడవాళ్ళందరికీ నవ్వొచ్చింది. నవ్వితే దగ్గు, దగ్గితే మళ్ళీ నవ్వు. అందరి దగ్గూ మా అత్త దగ్గులాగే ఉంది. పాస్టరుగారు బైబిలు మూసి పెట్టుకుని కూర్చున్నారు.

వదిన నవ్వలేదు. నిలబడి ఫ్లెక్సీ వైపు చూస్తూ, మెల్లగా, మైకు అందనంత మెల్లగా అన్నది: "నాకు తెలుసు. నేను మేలుకొని ఉండేదాన్ని. కళ్ళు మూసుకోని తమ్ముని పక్కన పండుకొని చూసేదాన్ని. మాకు పెట్టకుండా తింటాందని..." మాట అక్కడ ఆగింది. "నలభై ఏండ్లు," అని మళ్ళీ అన్నది. కుర్చీ కోసం చేత్తో వెతుక్కుని కూర్చుంది. నాకు ఆమె మీద ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. తల్లి కష్టాన్ని అంత దగ్గరగా చూసి అనుమానించిన పిల్లకు, అత్త ఆకలిని అనుమానించిన కోడలికి పెద్ద తేడా ఏముంది?

నేను మైకు ఇచ్చేయబోయి ఆగాను. "ఇందులో మా అత్త నిజమని ఒప్పుకున్నది చివరి చరణం ఒక్కటే," అని చెప్పి అది చదివాను. మా అమ్మను ఒక్క పూట మాకివ్వు. "తన కొడుక్కి తాను దొరకలేదని అన్నది," అన్నాను. మా ఆయన తల దించుకుని ఉన్నాడు. లేచి భోజనాల వైపు వెళ్ళిపోయాడు. చాలాసేపు వడ్డిస్తూనే ఉన్నాడు, ఎవరు చాలన్నా వినకుండా.

వదిన వెళ్ళే రోజు సంచి సర్దుకుంటూ, "పరీక్షలెప్పుడు?" అని అడిగింది. చెప్పాను. "పిల్లను చూసేదానికి నేను రాలేను. మిరపకాయలు కళ్ళంలో ఉండాయి," అన్నది. అంటే వెళ్ళమన్నట్టో వద్దన్నట్టో అడగలేదు. రాలేనని మాత్రమే చెప్పింది కాబట్టి, వెళ్ళమన్నట్టే లెక్కవేసుకున్నాను.

మా ఆయన ఆ తర్వాత పరీక్షల ఊసెత్తలేదు. ఆ మౌనం మీద నాకు రోజూ అనుమానంగానే ఉండేది. మొదటి పరీక్ష రోజు పొద్దున ఆటో కడుగుతున్నాడు. నేను బయటికి వస్తే, "ఎక్కు," అన్నాడు. సెంటరు దగ్గర దింపాడు. "పాప?" అన్నాను. "చూస్తాలే," అన్నాడు. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. అంత తేలికగా ఎందుకు ఒప్పుకున్నాడో లోపల కూర్చున్నాక కూడా కాసేపు అర్థం కాలేదు. తర్వాత ప్రశ్నపత్రం వచ్చింది.

మధ్యాహ్నం గేటు తీశారు. బయట ఎండ మండిపోతోంది. కూతుళ్ళ కోసం వచ్చిన తల్లులు ప్రహరీ గోడ నీడలో వరుసగా నిలబడి ఉన్నారు, కొందరి చేతుల్లో టిఫిన్ క్యారియర్లు, కొందరి నెత్తిన తువ్వాళ్ళు. ఆ ఆడవాళ్ళ మధ్యలో ఒక మగవాడు. మా పాప అతని భుజం మీద నిద్రపోతోంది. ఎండ పడకుండా పాప తల మీద చొక్కా జేబు రుమాలు కప్పి ఉంది. ఒక చేత్తో పాపను పట్టుకుని, రెండో చేత్తో ఆ పిల్ల చిన్న చెప్పులు రెండూ పట్టుకుని ఉన్నాడు. చొక్కా వీపు మొత్తం చెమటతో తడిసిపోయింది. నన్ను చూసి, ఇప్పుడే వచ్చినవాడిలా, అటు తిరిగి రోడ్డు వైపు చూడసాగాడు.